తూర్పు గది తాళం

డోర్నకల్,
12 జూన్ 2005.

తమ్ముడు సదయ్యకు,

మీ సామ్యేల్ అన్న ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. మేము ఇక్కడికి చేరి పది రోజులైంది. మీ వదిన సుగుణమణికి బడి తెరిచారు. ఆమెకు ఈ మిషన్ బడిలో ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. అంతవరకు ఆమె పిల్లలకు ఎక్కాలు చెప్తుంది, నేను ఇంట్లో కూరగాయలు తరుగుతాను. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలో కప్పు కూలుతుందా అని పైకి చూసినవాణ్ణి ఇప్పుడు ఉల్లిగడ్డ వంక చూస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

గోదావరిఖని ఇల్లు నీ చేతిలో పెట్టి వచ్చాక నాకు నిద్ర బాగా పడుతోంది. వీఆర్ఎస్ తీసుకున్నావు, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయమన్నారు, సామాను ట్రాలీకెక్కించి సెంటినరీ కాలనీ రోడ్డు మీద నిలబడ్డావు. అట్లాంటి రోజున నా ఇల్లు నీకు పనికి రాకపోతే ఎందుకు కట్టినట్టు? మా బామ్మర్ది ముత్యం ఉన్నాడు కదా, వాడు గొణుగుతూనే ఉన్నాడు: "కాయితం రాయించుకో బావా, కిరాయికిచ్చెటప్పుడు ఎవ్వలనైనా నమ్ముతరా?" అని. "పంతొమ్మిదేండ్లు ఒక్క కప్పు కింద నిలవడ్డోళ్లం, మా నడుమ కాయితమేందిరా" అని వాడి నోరు మూయించాను.

ముందు గది నుంచి వంటింటి దాకా కప్పు సంగతి నీకు గుర్తుందా? మన గ్యాంగు మొత్తం ఒక్క ఆదివారంలో వేసింది. నువ్వు పొద్దంతా తట్టలు మోశావు, సాయంత్రం కోడికూర దగ్గర కునికిపాట్లు పడ్డావు. ఆ కప్పు కింద నువ్వే ఉండటం నాకు సంతోషం.

రెండు మూడు మాటలు, ఏమీ అనుకోవద్దు. గోడలకు మేకులు కొట్టకండి. తూర్పు గదికి తాళం వేశాను. అందులో సుగుణమణి హార్మోనియం, నా పెట్టెలు, మా అమ్మాయి లిల్లీ పెళ్లి ఫోటోలు ఉన్నాయి. మిగతా ఇల్లంతా మీదే. కిరాయి ప్రతి నెలా ముత్యం వచ్చి తీసుకుంటాడు.

ఇంకొకటి. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేయకు. లైనులో సగం గాలిమోతే ఉంటుంది. ఏదున్నా ఉత్తరం రాయి. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు.

మరదలు అనసూర్యకు నా దీవెనలు.

నీ అన్న,
సామ్యేల్

&nbsp;

గోదావరిఖని,
24 జూలై 2005.

సామ్యేల్ అన్నకు, వదినకు,

సదయ్య నమస్కారాలు. మీ దయవల్ల మేము క్షేమం. ఉత్తరాలు రాయడం నాకు రాత్రిబడిలో అబ్బిన విద్యే కాబట్టి తప్పులుంటే వదినతో దిద్దించుకుని చదువు.

అనసూర్య ముందు గదిలో కిటికీ కింద కుట్టుమిషను పెట్టుకుంది. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ పగలు కూడా బల్బు వేసుకుని కుట్టేది. ఇక్కడ వెలుతురు చూసి మురిసిపోతోంది. "గీ కిటికీ కాడ సూదిల దారం కండ్లు మూసుకొని ఎక్కియ్యొచ్చు" అంటోంది. ఎదురింటి పోశవ్వ మొదటి జాకెట్టు గుడ్డ ఇచ్చింది. ఆమె నోటి మాట మీద వాడంతా వస్తున్నారు. నాకొచ్చే పింఛను నీకు తెలుసు కదా. ఇప్పుడు ఇల్లు నడిచేది ఆమె చేతి మీదే.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. వానలు పడ్డాక కిటికీ పైన కప్పుకు తేమ మచ్చ వచ్చింది. పైకెక్కి చూస్తే నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్లు పోయే గొట్టం కప్పు కంటే ఎత్తులో ఉంది. నేను బూజుకర్ర తిరగేసి ఆ మచ్చ దగ్గర తట్టి చూశాను. బోలుగా పలికింది. కప్పు డాక్టరుకు కప్పు రోగం చెప్తున్నానని తిట్టుకోకు. గ్యాంగులో నీకు ఆ పేరు పెట్టింది నేనే కదా.

వానలు ముదిరేలోపు ఒకసారి బాగు చేయిస్తే మంచిది.

నీ తమ్ముడు,
సదయ్య

&nbsp;

డోర్నకల్,
19 ఆగస్టు 2005.

తమ్ముడు సదయ్యకు వందనాలు.

నీ ఉత్తరం సుగుణమణి చదివి, "తప్పులు లేవు, మీకంటే నయం" అంది. అనసూర్య మిషను సాగుతోందని తెలిసి సంతోషించాము.

కప్పు గురించి. సదయ్యా, ఆ కప్పు కింద నేను పద్నాలుగేళ్లు పడుకున్నాను. తేమ మచ్చ లేని ఇల్లు గోదావరిఖనిలో ఏది? ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయితే ఊళ్లో ఒక్క గోడ పగుళ్లు లేకుండా ఉందా? దానికి కంగారు పడితే ఎట్లా? బూజుకర్రతో తట్టి కప్పు చూస్తారా ఎవరైనా? చెక్క చప్పుడు చెక్కదే, కప్పుది కాదు. గనిలో మనం ఎట్లా చూసేవాళ్లం? ఇనుప కడ్డీతో కొట్టి, రెండో అరచెయ్యి కప్పుకు ఆనించి. గట్టి కప్పు గంటలాగా మోగుతుంది, వదులైనది బోలుగా పలుకుతుంది. ఇది నీకు నేర్పింది నేను. నువ్వు నాకు నేర్పకు.

నేను వచ్చినప్పుడు చూస్తాను. క్రిస్మస్‌కు ముందు ఎట్లాగూ సున్నం వేయించాలి. అంతవరకు ఈ మాట వాడలో అనకండి. రేపు ఇల్లు అమ్మాలన్నా, ఇంకొకరికి ఇవ్వాలన్నా ఇటువంటి మాటలే అడ్డం వస్తాయి.

నీ అన్న,
సామ్యేల్

&nbsp;

గోదావరిఖని,
6 నవంబర్ 2005.

అన్నకు నమస్కారాలు.

మొన్న కప్పు నుంచి గచ్చు పెచ్చు ఊడి మిషను బల్ల మీద పడింది. అరచెయ్యంత ఉంటుంది. అనసూర్య అప్పుడే లేచి నీళ్లకు పోయింది. లోపలి ఇనుము కనిపిస్తోంది, తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది.

ఆమె నన్ను నిలదీస్తోంది. "ఆయన నీ దోస్తని నువ్వు ఊకుంటున్నవు. మేస్త్రిని పిలిచి చూపియ్యరాదు?" అంటోంది. నర్సింగం మేస్త్రి మన వాడ చివరే ఉంటాడు. నీ తూర్పు గది కప్పు వేసింది కూడా అతనే కదా. ఒక్క పూట వచ్చి చూడమంటాను, నువ్వు సరేనంటే చాలు. ముత్యానికి రెండు నెలలుగా చెప్తున్నాను. "బావకు చెప్త" అంటున్నాడు, చెప్తున్నాడో లేదో తెలియదు.

ఉంటాను,
సదయ్య

&nbsp;

డోర్నకల్,
21 నవంబర్ 2005.

సదయ్యకు,

నర్సింగాన్ని పిలవకు. మేస్త్రులు పెచ్చు చూడటానికి వస్తారు, గోడ పడగొట్టి పోతారు. వాళ్లకు పని కావాలి, నాకు ఇల్లు కావాలి. ముప్పై మూడేళ్లు కప్పులు చూసినవాడు సొంత ఇంటి కప్పును ఇంకొకరికి చూపిస్తే నలుగురూ నవ్వుతారు.

ముత్యం నాకు అన్నీ చెప్తున్నాడు. ముందు గోడకు మేకులు కొట్టి "లేడీస్ టైలర్" అని బోర్డు పెట్టారట. పొద్దున లేస్తే వాడలోని ఆడవాళ్లంతా నా వాకిట్లోనే ఉంటారట. నేను ఇల్లు కాపురానికి ఇచ్చాను. దుకాణానికి ఇచ్చానా? ఒక్క మాట అడిగి ఉంటే నేను కాదనేవాణ్ణా? అడగలేదు, అదే నాకు కష్టంగా ఉంది. కప్పు గొడవ కూడా కిరాయి తగ్గించుకోవడానికేనని ముత్యం అంటున్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని నీకు తెలియాలని రాస్తున్నాను.

క్రిస్మస్ దాటాక స్వయంగా వస్తాను.

సామ్యేల్

&nbsp;

డోర్నకల్,
14 జనవరి 2006.

సదయ్యకు వందనాలు.

మీ ఇంట్లో నాకు జరిగిన మర్యాదకు సంతోషం. అనసూర్య చేసిన మక్కగారెల రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఇప్పుడు నీ మనసు కుదుటపడిందని అనుకుంటాను. సందులో పడి ఉన్న నా పాత కడ్డీ తీసి, నీ కళ్ల ముందే, అనసూర్య కళ్ల ముందే, ముందు గది కప్పు ఈ మూల నుంచి ఆ మూల దాకా కొట్టి చూశాను. కిటికీ పైన నాలుగుసార్లు కొట్టాను. "గంట లెక్క ఉన్నది. ఇంకో ముప్పై ఏండ్లకు ఢోకా లేదు" అన్నాను. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు. తప్పని నీకు అనిపిస్తే అప్పుడే అనేవాడివి. తల దించుకుని నిలబడ్డావు. నీ భయం ఉత్తదని నీకే సిగ్గేసిందనుకుని నేనూ ఎక్కువ మాట్లాడలేదు.

ఊడిన చోట ముత్యం సిమెంటు పూసి సున్నం వేశాడు. బోర్డు ఉండనీ. ఇక కప్పు మాట ఎత్తకు.

సామ్యేల్

&nbsp;

గోదావరిఖని,
5 ఫిబ్రవరి 2006.

అన్నకు నమస్కారాలు.

సున్నం వేశాక గది తెల్లగా బాగుంది. కప్పు మాట ఎత్తను.

ఒక మనవి. తూర్పు గది తాళం తీసిస్తావా? పొద్దుటి వెలుతురు ఆ గదిలో బాగా పడుతుంది. అనసూర్య మిషను అక్కడికి మార్చుకుంటే ఆమె కళ్లకు హాయిగా ఉంటుంది. నడిమి గదిలో పెట్టి చూశాము, చీకటి. రెండు జాకెట్లు వంకరగా కుట్టి మళ్లీ విప్పింది. వదిన హార్మోనియం, నీ పెట్టెలు ఒక పక్కకు జరిపి గుడ్డ కప్పుతాను. ఒక్క వస్తువు కూడా చెదరదు. కావాలంటే ఆ గదికి వేరే కిరాయి కట్టుకో.

ఆమె మాత్రం ముందు గదిలో కిటికీ దగ్గరే ఉంటానంటోంది. అడుగుతున్నది నేనే.

సదయ్య

&nbsp;

డోర్నకల్,
22 ఫిబ్రవరి 2006.

సదయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే మా పక్కింటి రిటైర్డ్ రైల్వే గార్డుతో మాట్లాడాను. ఆయన కాజీపేటలో ఇల్లు కిరాయికి ఇచ్చాడు. మొదట రెండు గదులు, తర్వాత మూడో గది, తర్వాత పెరడు. కరెంటు మీటరు కిరాయిదారు పేరు మీదికి మారింది. ఇప్పుడు ఏడేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. కిరాయిదారు ఆయనకు దగ్గరి బంధువే.

నిన్ను అంటున్నానని కాదు. కాని మొదట కప్పు, తర్వాత బోర్డు, ఇప్పుడు తూర్పు గది. కప్పు బాగుందని నేను తేల్చాక నీకు వెలుతురు గుర్తొచ్చింది. నాకు లెక్క కుదరడం లేదు. ఆ గది తెరిచేది లేదు. సొంత ఇంట్లో నాదంటూ ఒక్క గది ఉండనీ.

మొదటి నెలలోనే చేయాల్సిన పని ఇప్పుడు చేస్తున్నాను. పదకొండు నెలల కిరాయి కాగితం రాయించి ఇందులో పెట్టాను. నువ్వు సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో చేయించి పంపు. మనసులో ఏమీ పెట్టుకోకు. కాగితం ఉంటే ఇద్దరికీ మంచిది.

సామ్యేల్

&nbsp;

గోదావరిఖని,
3 మార్చి 2006.

ఇంటి యజమాని సామ్యేల్ గారికి,

కాగితం మీద సంతకం చేసి పంపుతున్నాను. సాక్షులు నర్సింగం మేస్త్రి, ఎదురింటి పోశవ్వ కొడుకు. పోశవ్వ అడిగింది: "మీరిద్దరు అన్నదమ్ముల లెక్క ఉంటిరి, గిదేందిరా?" అని.

మిషను కిటికీ దగ్గరే ఉంది.

ఇట్లు,
కిరాయిదారు సదయ్య

&nbsp;

గోదావరిఖని,
30 జూలై 2006.

సామ్యేల్ గారికి,

పద్దెనిమిదో తారీఖు మంగళవారం ముందు గది కప్పు పడింది. ముత్యం మీకు చెప్పే ఉంటాడు. ఎట్లా జరిగిందో నేను రాస్తాను.

వారం రోజుల ముసురు. మధ్యాహ్నం రెండింటికి ఎప్పటిలాగే బ్లాస్టింగు అయింది, కిటికీ రెక్కలు గడగడలాడి ఆగాయి. నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. పోశవ్వ కూతురి పెళ్లి జాకెట్టు, సాయంత్రానికి ఇవ్వాలి. మిషను చప్పుడు ఆగింది. తర్వాత పెద్ద చప్పుడు. గనిలో విన్న చప్పుడే.

తలుపంత పలక ఊడి పడింది. ఆమె జరగబోయింది, తల తప్పింది, కుడి చెయ్యి మిషను బల్లకు, పలకకు నడుమ నలిగింది. నర్సింగం, నేను గడ్డపారతో పలక లేపి చెయ్యి తీశాము. దవాఖానకు తీసుకుపోతే వాళ్లు కరీంనగర్ పంపారు. కరీంనగర్లో బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. మిగతా మూడు వేళ్లు ఉన్నాయి గాని వంగవు.

మూడో రోజు తెలివి బాగా వచ్చాక ఆమె మొదట అడిగింది ఒకటే: "పోశవ్వ బిడ్డ జాకెట్టు ఎవ్వలకిచ్చినవు? లగ్గం దగ్గరికొచ్చింది" అని.

ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. నడిమి గదిలో పడుకుంటున్నాము.

సదయ్య

&nbsp;

డోర్నకల్,
9 ఆగస్టు 2006.

సదయ్యా,

నీ ఉత్తరం సుగుణమణి పైకి చదవలేకపోయింది. నేనే తీసుకుని చదివాను. ఆమె రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. చర్చిలో అనసూర్య కోసం ప్రార్థన చేయించాము.

ఇది బ్లాస్టింగు వల్ల జరిగింది. నువ్వే రాశావు, రెండింటికి బ్లాస్టింగు, ఆ వెంటనే కప్పు. కంపెనీకి అర్జీ పెట్టు. నేను కూడా సంతకం చేస్తాను. ఆ కప్పు జనవరిలో గట్టిగా ఉంది. నా చేతులతో కొట్టి చూశాను.

రాత్రంతా ఒకటే ఆలోచన. నువ్వు పక్కన నిలబడి ఉన్నావు కదా సదయ్యా. నీకు అనుమానం ఉంటే నోరు విప్పకుండా ఎందుకు ఉన్నావు? నేను ఇంటివాణ్ణని భయపడ్డావా? "అన్నా, అది గట్టిగా లేదు" అని ఒక్క మాట అంటే ఆ రోజే కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టించేవాణ్ణి. అడిగే హక్కు నాకు ఉంది. వాడలో ముత్యం మొహం మీదే అంటున్నారట, "చెయ్యి తిన్న ఇల్లు" అని. ఆ మాట నా ఒక్కడి మీదే ఎందుకు పడాలి? నువ్వెందుకు ఊరుకున్నావు? దీనికి జవాబు రాయి.

సామ్యేల్

&nbsp;

నస్పూర్,
27 ఆగస్టు 2006.

అన్నా,

ఇల్లు ఖాళీ చేశాము. నస్పూర్లో అనసూర్య తమ్ముడు జగదీశ్వర్ తన క్వార్టర్లో ఒక గది ఇచ్చాడు. తాళం పోశవ్వ దగ్గర ఉంది. అర్జీ పెట్టను. ఆ కప్పు బ్లాస్టింగుకు ముందే చచ్చిపోయిందని నాకు తెలుసు.

జవాబు రాయమన్నావు, రాస్తున్నాను. తొంభై ఆరు చివర్లోనో తొంభై ఏడు మొదట్లోనో, నీకు వినబడటం తగ్గింది. నీకు ఎప్పుడు తెలిసిందో గాని నాకు అప్పుడే తెలిసింది. నువ్వు కడ్డీతో కప్పు కొట్టి వెంటనే నా ముఖం చూసేవాడివి. నేను తల ఊపితే "మంచిగున్నది, పాండి" అని గ్యాంగును లోపలికి పంపేవాడివి. నా ముఖం మారితే "దుంగ తేండి" అని అరిచేవాడివి. చెయ్యి అందిన చోట నీ అరచెయ్యి చెప్పేది, అందని చోట నా ముఖం చెప్పేది. ఎనిమిదేళ్లు ఇట్లాగే నడిచింది. మన గ్యాంగులో ఒక్కడికీ దెబ్బ తగలలేదు. నీకు తెలిసే నా ముఖం చూసేవాడివో, అలవాటుగా చూసేవాడివో నేను అడగలేదు. నువ్వూ చెప్పలేదు. బయటపడితే నిన్ను అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపేవాళ్లు. లిల్లీ అప్పుడు నర్సు చదువులో ఉంది. దాచినందుకు నన్నూ అడిగేవాళ్లు. నువ్వు ఫోన్ ఎందుకు వద్దంటావో కూడా నాకు తెలుసు.

నీ రిటైర్‌మెంటు నాడు శాలువా కప్పి, "సామ్యేల్ చెవికి తప్పిపోయిన కప్పు లేదు" అని మేనేజరు మైకులో అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందున్నాను.

జనవరిలో నువ్వు కిటికీ పైన కొట్టావు. మొదటి దెబ్బకే బోలుగా పలికింది. నువ్వు ఎప్పటిలాగే నా ముఖం చూశావు. అనసూర్య మనిద్దరి నడుమ నిలబడి ఉంది. నేను తల అడ్డంగా ఊపి ఉంటే ఆమె అప్పుడే అడిగేది, "ఆయనకు ఇనవడ్తలేదా?" అని. ఆమె నోట్లో మాట ఆగదు. నీ ఇంట్లో, నీకు అన్నం పెట్టే చేతి ముందు, నీకు ఆ చిన్నతనం నా వల్ల కావద్దనుకున్నాను. తల దించుకున్నాను. నువ్వు దాన్ని సరేనని తల ఊపినట్టు అనుకున్నావు. నాలుగుసార్లు కొట్టావు, నాలుగుసార్లూ నేను తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆమె నన్ను అడిగింది, "నిజంగనే మంచిగున్నదా?" అని. "మంచిగున్నది. అన్నకు తెల్వదా?" అన్నాను. ఆమెను ఎట్లాగైనా అక్కణ్ణుంచి జరపాలని తూర్పు గది అడిగాను. వెలుతురని అబద్ధం రాశాను. నువ్వు ఇవ్వలేదు. కాగితం పంపావు. నాకు రోషం వచ్చి మళ్లీ అడగలేదు. దుంగలన్నా నిలబెట్టవలసింది, అదీ చేయలేదు. ఇప్పుడు వానల్లో ఎవరింట్లోనైనా మిషను చప్పుడు వినిపిస్తే లేచి బయటికి పోతున్నాను.

ఇదంతా అనసూర్యకు తెలియదు. నాకు కూడా కప్పు గట్టిగానే పలికిందని ఆమె నమ్ముతోంది. నీ పరువు కాపాడాను అన్నా. దానికి నా భార్య చెయ్యి పోయింది.

సదయ్య

&nbsp;

గోదావరిఖని,
15 సెప్టెంబర్ 2006.

తమ్ముడు సదయ్యకు,

నీ ఉత్తరం అందిన మూడో రోజు రైలెక్కి ఇక్కడికి వచ్చాను. ఎవరికీ చెప్పకుండా వచ్చాను. పోశవ్వ తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు, గడప మీద పెట్టి లోపలికి పోయింది.

ముందు గదిలో పలక అట్లాగే ఉంది. మిషను కూడా. చెక్క బల్ల విరిగింది, ఇనుముకు ఏమీ కాలేదు. ముత్యం వచ్చి, "సిమెంట్ పూసి సున్నమేద్దాం బావా, కొత్తోళ్లు దొరికిన్రు, దసరాకు దిగుతరట" అన్నాడు. పొమ్మన్నాను. పోతూ వాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. వినబడలేదని వాడికే చెప్పాను. మొట్టమొదటిసారి ఒక మనిషితో ఆ మాట అన్నాను.

నర్సింగం దగ్గర నిచ్చెన తెచ్చాను. ఎక్కి, ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేత్తో కడ్డీతో కొట్టాను. జనవరిలో వచ్చిన రోజు కూడా ఈ పని చేసి ఉండవచ్చు. నిచ్చెన ఎక్కి అరచెయ్యి ఆనించి చూస్తే నాకు చెవి లేదని తెలిసిపోతుందనుకుని కింద నుంచి కొట్టాను. నిజం ఇది. నీ ముఖం చూసి బతికానని నాకు తెలుసు సదయ్యా. తెలిసే నిన్ను "ఎందుకు ఊరుకున్నావు" అని అడిగాను.

ముందు గది అంతా బోలు. చెయ్యి కింద వదులుగా అదిరింది. నడిమి గది సగం బోలు. వంటింట్లో మూలకు బోలు. మనం ఆదివారం సెలవు నాడు వేసుకున్న కప్పంతా అంతే. చివరికి తూర్పు గది తాళం తీశాను. నర్సింగం వేసిన కప్పు. నాలుగు మూలలా, నడుమ, కిటికీ పైన కొట్టాను. అరచెయ్యి కింద గట్టిగా, ఒక్క ముక్కలా నిలబడింది. ఈ ఇంట్లో మనిషి ధైర్యంగా కూర్చోగలిగిన గది అదొక్కటే. అందులో హార్మోనియం ఉంది, పెట్టెలు ఉన్నాయి. పెట్టెల్లో ఏమున్నాయో తెరిచి చూశాను. పాత పే స్లిప్పులు, నా శాలువా.

ముందు భాగం కూలగొట్టిస్తున్నాను. ఇక ఎవరికీ కిరాయికి ఇవ్వను. తూర్పు గదిలో మీరు వచ్చి ఉండండి, ఎన్నాళ్లైనా. కాగితం చింపేశాను. ఆ గది తాళంచెవి ఈ కవరులో పెడుతున్నాను. అనసూర్యకు ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నా చెవి సంగతి ఇక దాచకు.

సామ్యేల్

&nbsp;

నస్పూర్,
2 అక్టోబర్ 2006.

అన్నకు,

నీ ఉత్తరం అనసూర్య ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. దానికి ముందు నీకు నేనేం రాశానో కూడా చెప్పాను. ఆమె ఎడమ చేత్తో అనపకాయలు ఒలుస్తోంది. ఒక్కొక్క కాయకు చాలాసేపు పడుతుంది. నేను సాయం పోతే చేట పక్కకు జరుపుతుంది.

చదవడం అయ్యాక కూడా చెయ్యి ఆపలేదు. కాయలన్నీ ఒలిచింది. పొట్టు వేరు చేసింది. నీ మీద కోపం చేస్తుందని, శాపనార్థాలు పెడుతుందని అనుకున్నాను. అట్లా చేసినా నాకు కొంత తేలికయ్యేది.

తల ఎత్తకుండానే అంది:

"ఆయనకు ఇనవడకపాయె. నీకు ఇనవడ్డది గద."

తాళంచెవి ఇందులో తిరిగి పంపుతున్నాను.

సదయ్య